మా స్పోర్ట్స్ కారుకు ఎత్తు పెంచిన వైనం

అప్పట్లో మా ఇంట్లో మర్యాదను ఎత్తుతో కొలిచేవారు. బంట్వారం వైపు ఉన్న మా ఊళ్లో మా గడి (దొరల కోటలాంటి ఇల్లు) అరుగు మనిషి నడుముదాకా ఉండేదట. ఆ అరుగు మీది కుర్చీ కాళ్లు మామూలు కుర్చీలకంటే జానెడు పొడుగట. ఎదుట నిలబడ్డ మనిషి కళ్లు, కూర్చున్న మా తాత కళ్లకు కిందే ఉండాలని ఆ ఏర్పాటట. ఇదంతా నాయనమ్మ చెప్పగా విన్నదే. నేను పుట్టేసరికి గడికి పైకప్పు లేదు, పొలాలు ఎవరెవరివో అయ్యాయి, నాకు తెలిసిన రాజ్యమల్లా వికారాబాద్‌లో స్టేషన్‌కు కాస్త ఎడంగా ఉన్న ఒక అద్దె ఇంటి పై భాగం. మేము చేరినప్పుడు కింది భాగం కూడా ఖాళీగానే ఉన్నా, అక్కడ నీళ్లు బాగా వచ్చినా, మన నెత్తి మీద ఇంకొకరు నడవడమేమిటని నాయనమ్మ ఒప్పుకోలేదు. ఎండాకాలంలో కుళాయి నీళ్లు పైకి ఎక్కేవి కావు. బకెట్లు మోసుకుని మెట్లెక్కేవాళ్లం (మోసేది నేనే కాబట్టి ఈ విషయంలో సాధికారికంగా చెప్పగలను), కానీ స్నానం మాత్రం కిందివాళ్లకంటే ఎత్తులోనే చేశాం. ఇది ఎగతాళికి చెప్పడం లేదు. కూలిపోయే కుటుంబం ఏదో ఒకటి పట్టుకుని నిలబడాలి. మావాళ్లు ఎత్తును పట్టుకున్నారు.

అటువంటి ఇంటికి నేల మీద పాకేటంత పొట్టిదైన స్పోర్ట్స్ కారు రావడం విధి చేసిన పరాచికం. హైదరాబాద్‌లో ఉండే మా పెద్దబావకు శివార్లలో ఒక ఫామ్‌హౌస్ ఉంది. దానికి పాతకాలం తలుపులు కావలసి వచ్చి ఆయన కన్ను మా గడి తలుపుల మీద పడింది. మా ఇంట్లో అమ్మడం అనే మాట లేదు (కొనడం కూడా చాలాకాలంగా లేదు). అందుకని మేము ఆ తలుపులను బావకు బహూకరించాం. ఆయన తన ఎర్ర కారును మాకు బహూకరించాడు. రెండు తలుపులు, రెండు సీట్లు, ముక్కు పొడుగు, వీపు పొట్టి. బావకు నడుం పట్టేసింది. ఆ కారెక్కాలంటే ఒక యోగాసనం వేయాలి, దిగాలంటే ఇద్దరు మనుషులు లాగాలి. దాన్ని వదిలించుకున్న రోజు ఆయన మొహంలో కనిపించిన తృప్తిని మావాళ్లు బంధుప్రేమ అనుకున్నారు.

నా సంగతి చెప్పాలి. డిగ్రీ అయిపోయింది. వచ్చిన ఉద్యోగాలు మా స్థాయికి తగలేదు, తగిన ఉద్యోగాలు నా మార్కులకు రాలేదు. నాకు నిజంగా చేతనైన పని ఒక్కటే, బండి నడపడం. చిన్నప్పుడు నాన్న పాత జీపును బంట్వారం బాటల మీద, వాన పడ్డ ఎర్రనేలల్లో, బండి చక్రాల గాడుల్లో నడిపి నడిపి, చక్రం ఎప్పుడు జారుతుందో నడుముతో తెలుసుకునేవాణ్ణి. మిగతా ఏ పనిలో నన్ను మెచ్చుకున్నా ఫలానావారి మనవడని మెచ్చుకునేవారు. ఆ ఒక్క పనిలో మాత్రం మా తాత పేరు తెలియనివాళ్లు కూడా, పోరడు మంచిగ నడుపుతడని అన్నారు. ఆ మాట నాకు ఎంత ముఖ్యమో అప్పుడు ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే తాండూరు పాలిషన్న కబురు వచ్చింది. ఆయన అసలు పేరు అది కాదు. నాపరాళ్లు నున్నగా చేసే పాలిషింగ్ యూనిట్లు పెట్టి పైకొచ్చాడు కాబట్టి ఊరంతా అలా పిలిచేది. వాళ్ల తాత మా తాత గొర్రెలను కాసేవాడు (ఈ సంగతి మా ఇంట్లో ఆయన పేరు వచ్చినప్పుడల్లా, పేరుకంటే ముందే వచ్చేది). పాలిషన్నకు కార్ల పిచ్చి. ఏటా కర్ణాటకలో ఒక కొండ రోడ్డు మీద జరిగే పోటీకి రెండు కార్లు పంపేవాడు. ఒక కారు ఆయన బిడ్డ నడుపుతుంది. రెండో కారు నడిపే మనిషి ఆ ఏడు మానుకున్నాడు. రాయి తీయడం ఆపేసిన తన పాత గనిలో, అడుగునుంచి పైదాకా చుట్టు తిరిగి వచ్చే లారీల బాట మీద ఒక ఆదివారం పరుగు పెట్టిస్తానని, ఎవరి కారు వాళ్లు తెచ్చుకోవచ్చని, బాగా నడిపినవాడికి ఆ రెండో చోటు ఇస్తానని ఆయన చెప్పి పంపాడు. నాకు ఆ చోటు కావాలి. అంతకుముందు దేన్నీ అంతగా కోరుకున్నట్టు గుర్తు లేదు.

కారును ఆ పరుగుకు సిద్ధం చేయాలి. తాండూరులో మాకు తెలిసిన మెకానిక్ ఒకాయన ఉండేవాడు. ఆయన నోట 'జీ' (చిత్తం) తప్ప 'కాదు' అనే మాట ఎవరూ వినలేదు కాబట్టి జీ భాయ్ అనేవారు. వాళ్ల నాన్న మా తాత జీపును చూసుకునేవాడు. ఆ కాలపు మర్యాద ఈయనకు వారసత్వంగా వచ్చింది, మాకు పొగరు వచ్చినట్టే. షెడ్డులో మేమిద్దరమే ఉన్నప్పుడు ఆయన కారు చుట్టూ ఒకసారి తిరిగి సూటిగానే చెప్పాడు. "చిన్న దొరా, పైలె టైర్లు, బ్రేకులు. తర్వాత స్ప్రింగులు జర కిందికి దించాలె. ఇంజిన్ తాకత్ పెంచుడు ఆఖరుకు. గిదే తరీఖా." నేను ఫోన్‌లో చూసిన వీడియోలన్నీ అదే మాట చెప్పాయి. అక్కడితో ఆగి ఉంటే ఈ కథ లేదు. కానీ మా ఇంట్లో కొత్త చొక్కా కుట్టించినా పెద్దల సభ జరగాలి.

అదీగాక అంతకుముందే ఒక అవమానం జరిగిపోయింది. కారు వచ్చిన వారంలో నేను దాన్ని మార్కెట్ వైపు తీసుకెళ్తే, సీతాఫలాల గంప దించుకుంటున్న మా ఊరి ముసలాయన నన్ను గుర్తుపట్టి, కిటికీలోకి చూడటానికి నడుం రెండుగా మడిచి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, నిజమైన ఆందోళనతో, "ఏం దొరా, కిందవడ్డవా?" అని అడిగాడు. నేను జవాబు వెతుక్కునేలోపు ఒక మేక అవతలి కిటికీలోంచి లోపలికి తలపెట్టి, నాకు సమానమైన ఎత్తులో, నా కళ్లలోకి చూసింది. ఈ రెండు సంగతులూ పాలామె ద్వారా నాయనమ్మకు చేరాయి. మేక సంగతే ఆమెను ఎక్కువ బాధించింది.

సభ మా అద్దె ఇంటి పై భాగంలో జరిగింది. నాన్న పొడుగు కాళ్ల కుర్చీలో (గడినుంచి మిగిలింది అదొక్కటే), బాబాయి బల్ల మీద, నాయనమ్మ మంచం మీద, జీ భాయ్ ఎంత చెప్పినా వినకుండా గడప అవతల. నేను వీడియోలు చూపిస్తూ టైర్లతో మొదలుపెట్టాను. టైర్లంటే కారుకు చెప్పులని, చెప్పుల సోకు మన ఇంట్లో ఎప్పుడూ లేదని నాన్న కొట్టేశాడు. బ్రేకుల సంగతి ఎత్తితే, "ఆగెటందుకు ఎవడన్న ఖర్చు పెడ్తడా?" అని అడిగాడు. నేను బ్రేకుల వీడియో మూసేశాను. బాబాయి పొగగొట్టం మార్చాలన్నాడు. తాత ఊళ్లోకి వస్తుంటే ముందు ఒక మనిషి అరుచుకుంటూ పరుగెత్తేవాడట. ఇప్పుడు అలా పరుగెత్తేవాళ్లు దొరకరు కాబట్టి ఆ పని కారే చేసుకోవాలని ఆయన ఉద్దేశం. అది వెంటనే ఖాయమైంది. నాకు కూడా ఆ శబ్దం ఇష్టమే, దాచడమెందుకు. చివరికి స్ప్రింగుల మాట వచ్చింది. కిందికి దించితే మలుపుల్లో కారు నేలను బాగా పట్టుకుంటుందని నేను వివరించాను.

నాయనమ్మ మంచం మీద సర్దుకుని కూర్చుంది. గడప వైపు తిరిగి, "ఇంకా కిందికా?" అంది.

"జీ," అన్నాడు జీ భాయ్.

"పైకి అయితదా, కాదా?"

ఆయన మొహం నాకు ఇంకా కళ్లకు కడుతుంది. షెడ్డులో నాతో మాట్లాడిన మనిషి ఒక వైపు, దొరసాని ముందు నిలబడ్డ మనిషి ఇంకో వైపు ఆయన్ను లాగుతున్నట్టు కనిపించారు. రెండో మనిషి గెలిచాడు. "జీ, ఎందుకు కాదమ్మా. మస్తుగ అయితది."

ప్రపంచంలో ఎక్కడైనా స్పోర్ట్స్ కారు కొన్నవాడు మొదట దాన్ని ఇంకా కిందికి దించుకుంటాడు. మేము పైకెత్తించాం. తాండూరులో లేత్ మీద ఇనుప దిమ్మలు తిప్పించి, స్ప్రింగుల కింద ఒక్కొక్కటిగా పెడుతూ పోయారు. ఎత్తు సరిపోయిందా లేదా అని తేల్చడానికి జీ భాయ్ కారును వికారాబాద్ తెచ్చి మా మెట్ల ముందు నిలిపాడు. నాయనమ్మను ఇద్దరం పట్టుకుని సీట్లో కూర్చోబెట్టాం. కొలతబద్దగా పాలామెను పక్కన నిలబెట్టాం. మొదటిసారి నాయనమ్మ కళ్లు పాలామె నడుం దగ్గర ఉన్నాయి. ఇంకొంచెం పెంచమంది. రెండోసారి కొద్దిగా పెరిగింది. "గీ మాత్రం ఎత్తుకు కారెందుకు కొడుకా, చాప ఏస్కొని రోడ్డు మీదనే కూసుంటె పోయె గద," అంది నాతో. మూడోసారి దిమ్మలు బెత్తెడు దాటాయి, ఇంకా పెడితే చక్రాలు ఊడి వస్తాయని జీ భాయ్ (నాకు మాత్రమే వినబడేలా) చెప్పాడు. పాలామెకు ఇంకా నాలుగిళ్లు తిరగాలి, పాలు విరుగుతాయని భయం. ఆమె క్యాన్ సర్దుకుంటున్నట్టు మోకాళ్లు వంచి, నడుం వంచి, తల కూడా వంచి, నాయనమ్మ కళ్లకు తన కళ్లు సరిగ్గా ఒక వేలు కిందికి తెచ్చి పెట్టింది. "ఇగో, ఇప్పుడు కుదిరింది," అంది నాయనమ్మ. కొలత పూర్తయింది. కారు మాత్రం కాలికి బురద అంటకుండా చీర పైకి పట్టుకున్న పెద్దమ్మలా నిలబడింది.

ఇక ఇంజిన్. ఈ కాలపు కారులో పెట్రోలు ఎంత పోవాలి, నిప్పురవ్వ ఎప్పుడు పడాలి అన్నీ ఒక చిన్న కంప్యూటర్ చూసుకుంటుంది. ఆ లెక్కలు మార్చి తాకత్ పెంచడాన్ని ట్యూనింగ్ అంటారు. జీ భాయ్ పిలిపిస్తే హైదరాబాద్‌నుంచి కళ్లజోడు పెట్టుకున్న ట్యూనర్ ఒకడు ల్యాప్‌టాప్‌తో వచ్చాడు. ట్యూనింగ్‌లో స్టేజీలు ఉంటాయని, ఈ కారుకు మొదటి స్టేజి సరిపోతుందని, రెండు, మూడు కావాలంటే ఇంజిన్ లోపలి భాగాలే మార్చాలని చెప్పాడు. నాన్న శాంతంగా విన్నాడు. మొదటి మెట్టునుంచి ఎక్కేవాళ్లు కొత్తగా బాగుపడ్డవాళ్లని, పాత ఇంటివాళ్లు మూడు దగ్గర మొదలుపెట్టాలని తేల్చాడు. ట్యూనర్ నోరు తెరిచాడు. జీ భాయ్ వాడి భుజం మీద చెయ్యి వేసి షెడ్డు వెనక్కి తీసుకెళ్లాడు. తిరిగొచ్చాక ట్యూనర్ చాలాసేపు మీటలు నొక్కి, మూడో స్టేజి ఎక్కించానని గంభీరంగా ప్రకటించాడు. అది మొదటి స్టేజేనని నాకు ఏళ్ల తర్వాత జీ భాయే చెప్పాడు. మా వంశ చరిత్రలో మా మేలు కోరి చెప్పిన అబద్ధాలు ఇంకెన్ని ఉన్నాయో అని ఆ రోజు ఆలోచనలో పడ్డాను.

పరుగు రోజు ఉదయం నేను ధారూర్ మీదుగా తాండూరుకు కారు నడుపుకుంటూ వెళ్లాను. పొగగొట్టం తన పని తాను చేసింది. రోడ్డు పక్కన నిలబడ్డవాళ్లు ఏదో పెద్ద లారీ వస్తోందని పక్కకు జరిగి, తర్వాత నన్ను చూసి, లారీ కోసం వెనక్కి చూశారు. ఇంట్లోవాళ్లు రైలులో వచ్చారు. పాలిషన్న గని అంచున నాపరాళ్ల దొంతర ఒకటి చదును చేయించి, దాని మీద కుర్చీలు వేయించి, మావాళ్లను చేయి పట్టుకుని ఎక్కించాడు. తాను కింద నిలబడ్డాడు. ఆ మనిషికి మా ఇంటి సంగతి పూర్తిగా తెలుసు. నాయనమ్మ మొహం విప్పారింది. కింద గని బూడిదరంగు గిన్నెలా ఉంది. చుట్టూ మెట్లు మెట్లుగా కోసిన రాతి గోడలు, వాటి మధ్యనుంచి మూడు మలుపులు తిరిగి పైకొచ్చే బాట. నాతోపాటు చోటు కోసం వచ్చినవాళ్లు హైదరాబాద్ వైపువాళ్లు నలుగురైదుగురు. అందరి కార్లూ నేలను ముద్దుపెట్టుకుంటున్నాయి. నాది వాటి మధ్య నిలబడి సమావేశానికి అధ్యక్షత వహిస్తున్నట్టుంది. పాలిషన్న బిడ్డ టోపీ వెనక్కి తిప్పి పెట్టుకుని, టైమ్ చూసే పనిలో ఉంది. నా కారు చక్రాల దగ్గర వంగి చూసి, లేచి, చేతిలోని కాగితం మీద ఏదో రాసుకుని వెళ్లిపోయింది. ఆ రాసుకోవడం నాకు నచ్చలేదు.

నా వంతు వచ్చింది. అడుగునుంచి బయలుదేరగానే శబ్దం రాతి గోడలకు కొట్టుకుని పదింతలై తిరిగొచ్చింది. ఇంజిన్ కూడా బాగానే లాగింది, ఆ మాట చెప్పాలి. మొదటి మలుపులో కారు పూర్తిగా ఒక పక్కకు వంగింది. లోపలి చక్రం గాల్లోకి లేచింది, నేను వేగం తగ్గించాను, అది తిరిగి కూర్చుంది. రెండో మలుపులో ఇంకో పక్కకు, అంతే వినయంగా వంగింది. మూడో మలుపు వచ్చేసరికి నేను ఎడ్లబండి వేగంతో నడుపుతున్నాను, అయినా వంగింది. నా నడుముకు అన్నీ తెలుస్తూనే ఉన్నాయి, చక్రం ఎక్కడ జారుతుందో, ఎక్కడ పట్టుకుంటుందో, కానీ ఆ ఎత్తులో తెలిసి ఏం లాభం, బావిలో బొక్కెనను పైనుంచి తాడుతో నడిపినట్టుంది. అందరికంటే ఎక్కువ శబ్దంతో అందరికంటే ఆలస్యంగా పైకి చేరాను. చేరేసరికి కుర్చీల దొంతర మీదనుంచి నాయనమ్మ గొంతు, గని అంతటికీ వినబడేంత స్పష్టంగా వచ్చింది. "అది ఎవలకు మొక్కుతున్నది?"

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. నాన్న ఆకాశం వైపు చూశాడు. బాబాయి మొదటి మలుపు దగ్గర నిలబడ్డది ఎవరో కనుక్కునే ప్రయత్నం చేశాడు, కారు పెట్టిన మొక్కు ఎవరికి చేరిందో తెలియాలి కదా. పాలిషన్న బిడ్డ చేతిలో స్టాప్‌వాచ్ పట్టుకుని నా దగ్గరికి వచ్చి, మధ్యాహ్నం ఇంకో పరుగు ఉందని, పాలిషింగ్ యూనిట్‌లో జాకీలు, పానాలు అన్నీ ఉన్నాయని, తినే వేళలో దిమ్మలు ఊడదీయవచ్చని చెప్పింది. "చక్రం నీకు తెలుస్తున్నది, నేను చూసిన. గా దిమ్మలు తీస్తె నువ్వు మస్తు నడుపుతవ్. తియ్యకుంటె ఇంటికి పో." నన్ను 'నువ్వు' అన్నది కాబట్టి కోపం రావలసింది. కానీ, నాకు తెలుస్తోందని ఆమె చెప్పిన తర్వాత కోపానికి చోటు మిగల్లేదు.

చిక్కు కారు దగ్గర లేదు, కుర్చీల దొంతర మీద ఉంది. గొర్రెల కాపరి మనవడి గనిలో, అతని ముందర, అతని బిడ్డ చెప్పిందని మేము మా కారును కిందికి దించాలి. ఇంతకంటే దిగడం మా వంశంలో ఎవరూ దిగలేదు. గడి కూలినప్పుడు కూడా అది దానంతట అదే కూలింది, ఎవరో చెబితే కాదు. నేను దొంతర కింద నిలబడి, దిమ్మల మాట ఎత్తాల్సింది పోయి, టిఫిన్ డబ్బాలు పైకి అందిస్తూ కాలం గడిపాను. చోటు చేజారిపోతోందని తెలుస్తూనే ఉంది. జీ భాయ్ పక్కనే ఉన్నాడు, పానా చేతిలో ఉంది, ఎవరు ఏమంటే దానికి జీ అనడానికి సిద్ధంగా ఉన్నాడు.

చివరికి ఆ అమ్మాయే దొంతర ఎక్కి నాయనమ్మ పక్కన రాతి మీద కూర్చుంది. "అవ్వా, ఎత్తు ఎక్కువుండబట్టికే అది వంగుతున్నది. కిందికి చేస్తె ఎవలకు వంగది. నిటారుగ పోతది." నాయనమ్మను అవ్వా అని పిలిచినవాళ్లను నేను అదే మొదటిసారి చూడటం. నాయనమ్మ ఆమెను పైనుంచి కిందికి చూసింది, తర్వాత కింద నిలబడ్డ కారును చూసింది. పాలిషన్నను పిలిచి, ఎండ కళ్లలో పడుతోందని, కుర్చీ అటు తిప్పించమని చెప్పింది. ఎండ ఆమె వీపు మీద ఉంది. కుర్చీ తిప్పితేనే కళ్లలో పడుతుంది. పాలిషన్న ఆ సంగతి ఎత్తకుండా నలుగురితో కుర్చీ తిప్పించాడు. నాన్న, బాబాయి కూడా తమ కుర్చీలు తిప్పుకున్నారు. మా ఇంట్లో పెద్దలు చూడనిది జరిగినట్టు కాదు. ముగ్గురూ ఎండకేసి కళ్లు చిట్లించుకుని కూర్చున్నంతసేపట్లో, వాళ్ల వెనకాల, గనిలో, దిమ్మలు ఒక్కొక్కటిగా ఊడి కింద పడుతున్న చప్పుడు వినబడింది.

రెండో పరుగు గురించి గొప్పలు చెప్పుకోవాలని ఉంది, కానీ చెప్పడానికి మాటలు తక్కువ. బయలుదేరడం, మొదటి మలుపు, తర్వాత నేనూ కారూ వేరు కాదు. బంట్వారం ఎర్రనేలలో జీపు నేర్పిందంతా ఆ రాతి పొడిలో పనికొచ్చింది. పైకి చేరాక ఆగాలని గుర్తొచ్చింది. బ్రేకులకు మాత్రం ఆ సంగతి ముందు చెప్పి ఉండాల్సింది. పాలిషింగ్ యూనిట్లనుంచి తెచ్చి పోసిన మెత్తటి తెల్లబురద గుట్టలోకి కారు ముక్కు నిదానంగా, ఏ దెబ్బా తగలకుండా దిగింది. దిగి చూస్తే నేను మోకాళ్లదాకా సున్నం వేసిన గోడలా ఉన్నాను. అమ్మాయి టైమ్ చూసి, తండ్రికి చూపించింది. పాలిషన్న చేతులు కట్టుకుని, నేను బురదలో ఉన్నా సరే, ఎప్పటి మర్యాదతోనే చెప్పాడు. "దొరా, చోటు మీదే. మా కారు నడుపుండ్రి. మీ కారుకు మస్తు గౌరవం అయింది, జర ఇంటి కాడ ఉండనియ్యుండ్రి."

కథ ఇక్కడ అయిపోయి ఉంటే సుఖంగా ఉండేది. పోటీకి ముందు తాండూరునుంచి ఒక పొట్లం వచ్చింది. లోపల నడిపేవాళ్లు వేసుకునే దుస్తులు, నీలం రంగువి. వీపు మీద అడ్డంగా, జానెడు అక్షరాలతో పాలిషన్న ఇంటిపేరు, దాని కింద నాపరాళ్ల వ్యాపారం అని. మళ్లీ సభ కూర్చుంది. ఇంకొకరి పేరు ఒంటి మీద వేసుకున్నవాడు మన ఇంట్లో పుట్టలేదని నాన్న అన్నాడు, నిజమే, పుట్టలేదు. ఆ పేరు మీద ఇంకో గుడ్డ కుట్టిద్దామని బాబాయి సూచించాడు. నేను ఆ దుస్తులను ఒళ్లోంచి కింద పెట్టలేదు. నాన్న పోవద్దంటే పోను, అలా పెరిగాను. అది అక్కడున్న అందరికీ తెలుసు. నాయనమ్మ ఆ చొక్కాను చేతిలోకి తీసుకుని, అటు తిప్పి ఇటు తిప్పి, అక్షరాలను వేలితో తడిమి, నా ఒళ్లోకి విసిరింది. "ఈపున ఏం రాసిండ్రో ఏస్కున్నోనికి కానొస్తదా? ఎనకవడ్డోడు సదువుకుంటడు. నువ్వు ముంగట సూస్కుంట పో."

పోయాను. కొండ కింద, వరసలో నిలబడి ఉన్నప్పుడు, చూడటానికి వచ్చిన ఆ ఊరి పెద్దమనిషి ఒకాయన నా వెనక్కి వచ్చి, వీపు మీది అక్షరాలు కూడబలుక్కుని చదివి, ముందుకొచ్చి, కన్నడం కలిసిన తెలుగులో, నువ్వు ఆ తాండూరు రాళ్లవాళ్ల ఇంటి పిల్లవాడివా అని అడిగాడు. నాకు వెన్ను దానంతట అదే నిటారైంది. గడినుంచి మొదలుపెట్టి, తాత, ముత్తాత, వాళ్లకు ఎవరెవరు ఎదురొచ్చి దండాలు పెట్టేవారు, అంతా చెప్పడానికి గొంతు సవరించుకున్నాను. అంతలో మా నంబరు పిలిచారు. అంత చరిత్రకు సమయం లేదు. "అవును" అని చెప్పి కారెక్కాను.

ఆ పోటీలో ఎన్నో స్థానం వచ్చిందని అడగకండి, మధ్యలో వచ్చింది. ఆ తర్వాత ఇంకొన్నేళ్లు పాలిషన్న కారే నడిపాను, ఇప్పుడు కొత్తవాళ్లకు నడపడం నేర్పుతున్నాను. నేర్పేటప్పుడు కూడా నిటారుగానే కూర్చుంటాను, ఆ విషయంలో ఎవరూ నన్ను మార్చలేరు. నాయనమ్మ లేదు. మీరు ఎవరి తాలూకని ఎవరైనా అడిగితే నాకు ఇప్పటికీ మొదట గొంతు సవరించుకోవాలనిపిస్తుంది, చరిత్ర మొత్తం చెప్పాలనిపిస్తుంది, చాలాసార్లు చెబుతాను కూడా, విన్నవాళ్లు మర్యాదస్తులైతే చివరిదాకా వింటారు. కానీ ఆ కొండ కింద, వీపున ఇంకొకరి పేరు వేసుకుని, ఒక్క 'అవును'తో వంశం మొత్తాన్ని కింద నిలబెట్టి కారెక్కిన ఆ పిల్లవాడు గుర్తొచ్చినప్పుడు మాత్రం నవ్వొస్తుంది. వాడు ఆ రోజు తల వంచకుండానే ఆ కారులోకి ఎలా దూరాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు.